మూడో నెల పన్ను

పాలు తాగుతూ తాగుతూ బిడ్డ కసుక్కున కొరికాడు. అరవబోయి లూదియా పెదవి బిగబట్టుకుంది. వంటింట్లో అత్త మరియమ్మ జొన్నలు విసురుతోంది.

వేలు పెట్టి తడిమింది. కింది చిగురు మీద బియ్యపు నూకంత పన్ను. పక్కనే ఇంకోటి పొడుచుకొస్తోంది. లూదియా గబుక్కున బిడ్డ మూతిని కొంగుతో కప్పింది.

ఊరి లెక్కలో బిడ్డకు మూడో నెల. నిజానికి ఆరో నెల. అది తెలిసింది లూదియాకూ, నంద్యాలలో ఉన్న ఆమె తల్లికీ మాత్రమే. పురిటికి పుట్టింటికి వెళ్తే, పుట్టిన బిడ్డ ఏడవకుండానే పోయాడు. ఆ వారమే పాణ్యం దగ్గర కూలికిపోయే ఒకామె జ్వరంతో చనిపోయింది. ఆమె మూడు నెలల పసివాణ్ణి లూదియా తల్లి తెచ్చి కూతురి ఒడిలో పెట్టింది. పాలు ఆగలేదు. మనసూ ఆగలేదు. బంగ్లాదేశ్ యుద్ధం ముగిసినా అప్పటికింకా సెలవు దొరకని సిపాయి భర్త కరుణాకర్‌కు, కొడుకు పుట్టాడని కబురు వెళ్ళింది.

బయటపడితే ఆమెను నంద్యాలకు పంపేస్తారు. బిడ్డను అనాథాశ్రమంలో వేస్తారు. మొదటిది ఎలాగో ఓర్చుకోగలదు.

అత్తగారి ఊరు ఆళ్ళగడ్డకు తెచ్చిన రోజు మరియమ్మ మనవణ్ణి ఎత్తుకుని చాలాసేపు చూసింది. "పాలు బాగా పట్టినట్టుండావే," అంది కోడలితో. అంతే. ఆనాటి నుంచి పగలు కూడా తలుపుకు గొళ్ళెం. కోడల్ని అరుగు మీద కూర్చోనివ్వదు. పక్కింటివాళ్ళను బిడ్డను ముట్టనివ్వదు. చర్చికి తీసుకెళ్ళడం కూడా కొడుకు వచ్చాకే అంది.

అత్తకు అనుమానం వచ్చింది, అనుకుంది లూదియా. కొడుకు ఎదుటే తేల్చడానికి కాచుకుంది. కరుణాకర్ వచ్చే ఆదివారం వస్తున్నాడు.

మధ్యాహ్నం మరియమ్మ ఆడబిడ్డ ఓబులమ్మ రుద్రవరం నుంచి వచ్చి తలుపు బాదింది. ఇంటి ఆడపడుచును వద్దనలేరు.

"ఏం వదినా, పట్టపగలే గొళ్ళెం? బంగారేమన్నా దాపెట్టినావా?"

"బంగారు యాడుందిలే. కుక్కలు దూర్తాండాయి."

ఓబులమ్మ బిడ్డను లాక్కుంది. "అచ్చం మా నాయన మూతే," అంటూ నోట్లో వేలు పెట్టి, చటుక్కున తీసేసుకుంది. "కొరికినాడు వదినా. మూడో నెలకే పళ్ళేందీ?"

లూదియా గోడకు ఆనుకుంది. ఆ ఇంటికి ఒకటే తలుపు. దానికి అడ్డంగా అత్త నిలబడి ఉంది.

"కరుణాకర్‌కు ఎప్పుడొచ్చినాయి?" అంది మరియమ్మ తాపీగా. "నువ్వే గదా చూసింది. మరిచినావా?"

ఓబులమ్మ వేలు గడ్డానికి ఆనించుకుంది. "అవునే. మూడో నెలలో నువ్వు పుట్టింటి నుంచి తెచ్చినప్పటికే వాని నోట్లో రెండుండె. మాయమ్మ గూడా ముక్కు మీద వేలేసుకునె." పకపకా నవ్వింది. "మా ఇంటి రక్తం. యాడికి పోతాది?"

కాఫీ తాగి ఆమె వెళ్ళిపోయింది. మరియమ్మ గొళ్ళెం పెట్టి వచ్చి కోడలి పక్కన కూర్చుంది. లూదియా బిడ్డను గుండెకు అదుముకుంది.

"అత్తా, నన్నేమన్నా చెయ్యి. వాణ్ణి మాత్రం నా దగ్గర్నుంచి తీసేయొద్దు."

మరియమ్మ బిడ్డ చొల్లు కొంగుతో తుడిచింది.

"కరుణాకర్‌ను నేను మాత్రం కన్నానా, పిల్లా?"