బయటికి దారి

"కెమెరా ఆన్ చెయ్యండి ఇంజనీరు గారూ. మీ మొహం కనపడటం లేదు."

"ఇక్కడ సిగ్నల్ అంతంతమాత్రం మేడమ్. మాట మాత్రం బాగానే వినిపిస్తుంది," అన్నాడు ఇంజనీరు. ఇస్త్రీ చేసి పెట్టుకున్న కొత్త చొక్కా మంచం మీదే ఉండిపోయింది. పోతే పోయింది! ఈ పిలుపు కోసం పొద్దుట్నుంచీ సెల్లు చేతిలోంచి దించితే ఒట్టు.

ఊరికి కొత్త బస్టాండు కట్టబోతున్నారు. రోజుకి లక్షమంది తిరిగే చోటు. దాని ప్లాను ఎవరు గీయాలో తేల్చే కమిటీ ఇప్పుడు లైన్లో ఉంది. చిన్నప్పుడు పాత బస్టాండుకి ఉన్న ఒకే ఒక్క గేటు దగ్గర తొక్కిసలాట జరిగి, అతని అక్క కాలు విరిగింది. ఆవిడ ఇప్పటికీ కుంటుతూనే నడుస్తుంది. ఈ పని అతనికి రాకపోతే ఇంకెవరికి రావాలి?

"మీ గొంతేంటండీ, అలా ఖంగుమని మోగుతోంది! పెద్ద హాల్లో ఉన్నారా?" అన్నాడు కమిటీలో ఒక మెంబరు.

"హాలేం కాదండీ. ఎవరూ అడ్డురాని చోటు."

"సరే, అసలు సంగతికి రండి," అంది మేడమ్. "జనం గుమిగూడే చోట మీరు మొదట చూసేదేంటి?"

"బయటికి దారి!" ఇంజనీరుకి హుషారొచ్చేసింది. "లోపలికి ఎవరైనా వస్తారు మేడమ్. బయటపడటమే కష్టం. ఎక్కడ నించున్నా రెండు దారులు కనపడాలి. ఒకటి మూసుకుపోయినా రెండోది ఉండాలి. చిన్నపిల్ల తోసినా తలుపు తెరుచుకోవాలి." తెల్లటి గోడ మీద వేలితో గీతలు గీస్తూ చెప్పుకుపోయాడు. అవతలివాళ్లకి అవి కనపడవన్న సంగతే మర్చిపోయాడు.

తలుపు అవతల్నించి భార్య గుసగుసలాడింది. "ఏవండీ, వస్తున్నాడట. ఇంకో పది నిమిషాలట."

"ష్!" అన్నాడు, ఫోనుకి చెయ్యి అడ్డుపెట్టి. తువ్వాలుతో చెమట తుడుచుకున్నాడు.

మెంబరు గడుసువాడు, వదల్లేదు. "గీయడానికేం, అందరూ గీస్తారు. నాలుగేళ్లకి గడియలు తుప్పు పడతాయి, తలుపులు బిగుసుకుంటాయి. అప్పుడో?"

"అదిగో, అక్కడే అందరూ బోల్తా పడేది! తలుపు బిగుస్తోందని తెలిసిన రోజే బాగుచేయించాలండీ. రేపు చూద్దాంలే అనుకున్నామా, కొంప మునిగినట్టే. అనుభవంతో చెబుతున్నాను."

తలుపు అవతల భార్య కిసుక్కున నవ్వింది.

చివరికి అక్క సంగతి కూడా చెప్పాడు. లైన్లో వాళ్లు తమలో తాము ఏదో మాట్లాడుకున్నారు.

"పని మీదేనండీ," అంది మేడమ్. "ఇంత ముందుచూపున్న మనిషిని ఎలా వదులుకుంటాం? వెంటనే వచ్చి సంతకం పెట్టండి."

ఇంజనీరు ఎగిరి గంతేశాడు. మోచెయ్యి గోడకి కొట్టుకుంది గానీ, నొప్పి తెలిస్తేగా! "అరగంటలో... కాదు, గంటలో మీ ముందుంటాను మేడమ్!" ఫోను పెట్టేసి, "ఏమోయ్, కొట్టేశాం! బస్టాండు మనదే!" అని కేక పెట్టాడు.

"ఏవండీ, వడ్రంగి వచ్చాడు, బాత్‌రూమ్ తలుపు పగలగొడతాడట, పక్కకి జరగండి!"