ఎవరి బొమ్మకి వారి నీళ్ళు

"నా బొమ్మ ఇచ్చీ ఢిల్లీ. ఇక్కడే సింపీసి పోతాను," అన్నాడు నూకయ్య గుమ్మంలో నిలబడే.

ఢిల్లీరావు కుంచె పక్కన పెట్టాడు. కాశీబుగ్గలో ముప్పై ఏళ్ళు దుకాణాలకి బోర్డులు రాసిన చెయ్యి అది. ఈ మధ్య కొబ్బరితోట కొడుక్కి వదిలేసి, చిన్ననాటి నేస్తాల బొమ్మలు నీటిరంగులతో వేస్తున్నాడు. అప్పన్నవీ, పోలారావువీ, తిరుమలరావువీ మొహాలు గోడమీద వేలాడుతున్నాయి. బల్లమీద ఉన్నది నూకయ్య మొహం. చెవి దగ్గర రంగు ఇంకా ఆరలేదు.

"ఏటయ్యింది బావా? ముక్కు పెద్దదైపోనాదా?"

"ఎకసెక్కాలాడకు. బొమ్మ ఏసిన నెలకే అప్పన్న మంచమెక్కినాడు. వారానికి రెండుసార్లు ఇశాపట్నంలో రక్తం కడిగించుకుంతన్నాడు."

"ఉద్దానంలో కిడ్నీలు పోయి మంచమెక్కనోడెవుడు? నా బొమ్మేటి సేసినాది?"

"అయితే నీళ్ళేల అడిగినావు?"

బొమ్మ మొదలుపెట్టే ముందు ప్రతి నేస్తాన్నీ ఢిల్లీరావు అదొక్కటే అడిగాడు. ఎవరింటి నూతి నీళ్ళు వారు ఓ చెంబుడు తేవాలి, ఎవరి బొమ్మకి వారి నీళ్ళతోనే రంగు కలుపుతాను అని. ముగ్గురూ నవ్వుతూ తెచ్చారు. పదిహేను రోజుల కిందట నూకయ్య కూడా తెచ్చాడుగాని, నవ్వలేదు.

"రంగు కలపడానికి గ్లాసుడు సాలు. మిగతా నీళ్ళేటి సేత్తన్నావు?"

అంటూనే నూకయ్య లోపలికొచ్చి బల్ల కింద గోనెసంచి లాగాడు. నాలుగు సీసాలు. సగం సగం నీళ్ళు. ఒక్కోదానిమీద ఒక్కో పేరు అంటించి ఉంది. చివరిదానిమీద తన పేరే.

నూకయ్య ఢిల్లీరావు చొక్కా పట్టుకున్నాడు. "మా నీళ్ళకి మంత్రాలేసి సిల్లంగి సేత్తన్నావురా! నీ పెళ్ళాం ఆ రోగంతో పోయిందని మేమందరం పోవాలేట్రా?"

ఢిల్లీరావు విడిపించుకోలేదు. "మెల్లిగా మాటాడు. ఇది బయటికి తెలిత్తే ఊరికే సేటు. మా మేనల్లుడు ఇశాపట్నంలో నీళ్ళు పరీచ్చ సేసేకాడ పంజేత్తన్నాడు. మీ నీళ్ళు సగం ఆడికి పంపినాను."

"అడిగితే మేవివ్వమేటి?"

"ఇత్తారా? మన నీళ్ళు సెడ్డవంటే మన ఊరికి పిల్లనెవలిత్తారు? ఓపాలి పరీచ్చకని అడిగినందుకే పోలారావు నుయ్యికి మూతేసీసినాడు. అందుకే బొమ్మల వంక ఎట్టినాను."

జేబులోంచి మడత కాగితం తీశాడు.

"నిన్న వచ్చినాది. ఆ ముగ్గురి నూతులూ తాగడానికి పనికిరావంట. నీ పేరున పంపినవొక్కటే మంచి నీళ్ళు. రేపట్నించి మన అయిదిళ్ళ పిల్లలూ నీ నుయ్యే తాగాల బావా. కాదనకు."

నూకయ్య చొక్కా వదిలేశాడు. "మరి నీ నుయ్యో? అది పంపలేదా?"

"దానికి పరీచ్చేటి? నా పెళ్ళాం సావే పరీచ్చ. కోడలు మరిసిపోయి ఎప్పుడు తోడెత్తాదో అని, పొద్దున్నే రెండు ట్రాక్టర్ల మట్టి పోయించీసినాను."

నూకయ్య వెనక గుమ్మం దాకా వెళ్ళాడు. దొడ్లో నుయ్యి ఉన్న చోట ఎర్రమట్టి గుట్ట ఉంది. చాలాసేపు దాన్నే చూశాడు. గడపమీద కూలబడ్డాడు.

"ఏట్రా? ఏటయ్యింది?" అన్నాడు ఢిల్లీరావు దగ్గరికొచ్చి.

"సిల్లంగి ఎవుడు సేత్తే ఆడికే తగలాలని..." అన్నాడు నూకయ్య. "ఆ రోజు నాను సెంబు నింపింది నీ నూతిలోనే, ఢిల్లీ."