డెబ్బై నాలుగు కిలోలు

రాజోలు బస్టాండులో రూపాయి బిళ్ల వేస్తే బరువు అచ్చేసి కార్డు ఇచ్చే మిషను ఉంది. కాంతమ్మ చెప్పులు విప్పి దాని మీదకి ఎక్కింది. కార్డు మీద డెబ్బై తొమ్మిది పడింది.

డెబ్బై నాలుగు రావాలి. ఇంకా అయిదు కిలోలు. ఇరవయ్యో తేదీకి ఇంకా పదిహేడు రోజులు.

అది రెండువేల మూడు, మే నెల. కాంతమ్మ అంగన్‌వాడీ టీచరు. ముప్పై ఎనిమిదేళ్లు. భర్త సాలమోను డ్రైవరు పనికని హైదరాబాదు వెళ్లి నాలుగేళ్లయింది. ఇక్కడ ఇంట్లో తనూ, అత్తగారూ. ఇరవయ్యో తేదీన హైదరాబాదు వెళ్తున్నానని, కొన్నాళ్లు ఆయన దగ్గరుండి వస్తానని అత్తగారితోనూ, ఇరుగుపొరుగుతోనూ చెప్పి ఉంచింది.

ఫిబ్రవరిలో ఆమె ఎనభై ఎనిమిది కిలోలు. అన్నం మానేసి రెండు చపాతీలతో సరిపెట్టుకుంది. తెల్లవారుతూనే కాలవగట్టు మీద నడక మొదలుపెట్టింది. మొదట్లో బరువు చకచకా దిగింది. డెబ్బై తొమ్మిది దగ్గరకి వచ్చి మొండికేసింది.

పక్కింటి బుల్లెమ్మ వాకిలి ఊడుస్తూ నవ్వేది.

"ఏం వదినా, అన్నయ్యగారు చూసి ఎవరో పెళ్లికూతురనుకోవాలనా?"

కాంతమ్మ కూడా నవ్వేసి ముందుకి సాగిపోయేది.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఎస్టీడీ బూతుకి వెళ్లింది. అవతల ఎవరో పిలిస్తే, సాలమోను కాసేపటికి లైన్లోకి వచ్చాడు. అయిదు కిలోలే మిగిలాయని, ఎలాగైనా తగ్గుతానని చెప్పింది.

"నా కోసం ఒళ్లు గుల్ల చేసుకోకు కాంతం. ఎలా ఉన్నదానివి అలాగే ఉండు. నాకదే చాలు."

"ఊరుకోండి," అంది.

మర్నాటి నుంచి నడక పరుగైంది. కాలవలు కట్టేసిన రోజులు. కింద ఎండిపోయిన కాలవ, పైన నిప్పులు చెరిగే ఎండ. ఆయాసంతో కూలబడేదాకా పరుగెత్తేది. ఇంటికొచ్చి గది తలుపేసుకుని గుంజీళ్లు తీసేది. మొదటిరోజు వంద. రెండోరోజు మూడువందలు. మూడోరోజు అయిదువందలు. నీళ్లు తాగితే బరువు పెరుగుతుందని భయం. గొంతు తడుపుకునేది, అంతే.

నాలుగోరోజు పొద్దున మంచం దిగబోతే కాళ్లు కదల్లేదు. తొడలు రాళ్లయిపోయి ఉన్నాయి. గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్లింది. మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది.

అత్తగారు చూసి పచ్చకామెర్లని తేల్చేసింది. కళ్లు తెల్లగానే ఉన్నాయి కదా అంటే, రేపటికి పచ్చబడతాయంది. మర్నాడు చీకటితోనే ఆటో మాట్లాడి, పసరు పోసే ఆయన దగ్గరకి తీసుకెళ్లింది. కాంతమ్మ కళ్లు మూసుకుని పసరు మింగింది. ఉప్పులేని మజ్జిగన్నం తింది. ఆ రోజు అలా గడిచిపోయింది.

తర్వాతి రోజుకి డికాషన్ ఇంకా చిక్కబడింది. సాయంత్రానికి అసలు రావడమే ఆగిపోయింది. మొహం ఉబ్బింది. బుల్లెమ్మ ఇక ఎవరి మాటా వినకుండా అమలాపురం ఆస్పత్రికి తీసుకెళ్లింది.

డాక్టరు శ్రీనివాసరావు గారు కనురెప్పలు లాగి చూసి, ఇవి కామెర్లు కావన్నారు. ఈ మధ్య ఒంటికి మించిన పనేమైనా చేశారా అని అడిగారు. కాంతమ్మ పరుగు సంగతీ, గుంజీళ్ల సంగతీ చెప్పింది. ఆయన రక్తం తీయించి కాకినాడ పంపారు. రిపోర్టు వచ్చాక మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"అలవాటు లేని ఒంటితో ఒక్కసారే అంత కసరత్తు చేసేరు. నీళ్లూ తాగలేదు. లోపల కండరాలు చితికిపోయేయమ్మా. ఆ చితికిందంతా రక్తంలో కలిసి కిడ్నీల మీద పడింది. మూత్రం పసుపు కాస్త ముదిరితే నీళ్లు చాలలేదనుకోవచ్చు. ఒళ్లు నొప్పులతో ఈ రంగు వచ్చిందంటే ఆ పూటే పరుగెత్తుకు రావాలి."

సెలైను సీసా మీద సీసా ఎక్కించారు. మంచానికి కట్టిన సంచిలోకి మూత్రం చుక్కా చుక్కా దిగుతుంటే కాంతమ్మ దాన్నే చూస్తూ పడుకునేది. ఒకరోజు నర్సు బరువు చూసింది. ఒంటికి నీరు పట్టి ఎనభై మూడు ఉంది. కాంతమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆస్పత్రిలో చేరిన తొమ్మిదోరోజుకి రంగు తేటపడింది. అత్తగారు ప్రభువుకి స్తోత్రం చెప్పుకుంది. ప్రాణగండం తప్పిందని, రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తానని డాక్టరు గారు చెప్పారు. కిడ్నీలు కుదుటపడడానికి మాత్రం నెలలు పడుతుందట. మునుపటిలా అవుతాయో లేదో ఇప్పుడే చెప్పలేరట.

కాంతమ్మ ఆయన తెల్లకోటు అంచు పట్టుకుంది.

"రెండిట్లో ఒక్కటైనా బాగానే ఉందాండి?"

ఆయన వింతగా చూశారు.

"ఒకదాన్ని పట్టుకుని ఒకదాన్ని వదిలేసే జబ్బు కాదమ్మా ఇది. రెండిటికీ ఒకేలా తగిలింది."

బుల్లెమ్మ ఆమె తల నిమిరింది. "బతికి బట్టకట్టేవు. ఇంకేం కావాలి వదినా," అంది.

కాంతమ్మ గోడమీది కేలండరు వైపు చూసింది.

ఎల్లుండి, బరువు డెబ్బై నాలుగుకి దిగితేనే కుదురుతుందన్న హైదరాబాదు ఆస్పత్రిలో, ఎనిమిది నెలలుగా డయాలసిస్ మీద బతుకుతున్న సాలమోనుకి ఆమె ఇవ్వాల్సింది ఆ రెండిట్లో ఒకటి.