ఆడబిడ్డ గొంతు

హైదరాబాదులో నా తెలుగు విని కన్నడమన్నారు. బెంగళూరులో నా కన్నడం విని తెలుగన్నారు. అందుకే సీరియళ్లలో ఏళ్ల తరబడి మొహం నాది, గొంతు ఇంకొకరిది. వదినను కాల్చుకుతినే ఆడబిడ్డగా పేరు మాత్రం బాగానే వచ్చింది.

కర్ణాటక సరిహద్దున, ఊళ్లలో తెలుగే వినిపించే చిక్కబళ్ళాపుర కొత్తగా జిల్లా అయిన ఏడాది, అక్కడ చింతామణి బస్సెక్కాను. సీటు లేదు. పూలబుట్టతో కూర్చున్న ఒక పెద్దమ్మ నన్నే చూస్తోంది. గుర్తుపట్టిందని కొంగు సర్దుకున్నాను.

"టీవీలో ఆ ఆడబిడ్డవి నువ్వేనా?"

"నేనే పెద్దమ్మా! మాది చింతామణే. మాయమ్మ ఇంకా ఆడే ఉండాది," అన్నాను గొప్పగా.

ఆమె పగలబడి నవ్వింది. "నన్నే ఏమారుస్తాండావా? ఆయమ్మ గొంతు యాడ, నీ గొంతు యాడ! నువ్వు మా మాదిరే మాట్లాడతాండావు. ఆయమ్మే అయ్యింటే చెప్పు తీసుకునేదాన్ని."

బుట్ట ఒళ్లోకి తీసుకుని పక్కకు జరిగింది. "రా, కూచో. మనూరి బిడ్డవి."

నా కీర్తినీ, ఆ సీటునీ ఒక్క క్షణం తూకం వేసుకున్నాను.

"తమాషాకన్నాలే పెద్దమ్మా. ఆయమ్మ యాడ, నేను యాడ!" అంటూ కూర్చున్నాను.

బస్సంతా నమ్మింది. ఇన్నేళ్లలో నా గొంతుతో నేను నటించింది ఆ ఒక్కసారే.