కిరునా నుంచి లాంగ్‌ఇయర్‌బ్యెన్‌కు

"ఇన్ని విమానాశ్రయాలుండగా నీ నెత్తిన ఇవే పడ్డాయేంట్రా?" అంది ఆదిలక్ష్మి, కొడుకు లాప్‌టాప్‌లోకి తొంగిచూస్తూ.

అఖిలేష్ నవ్వలేదు. జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో అతను పనిచేసే కంపెనీకి ఒక వెబ్‌సైట్ ఉంది. ఏ రెండు విమానాశ్రయాల పేర్లు కొట్టినా మధ్య దూరమెంతో, ఎగరడానికి ఎంతసేపో చెబుతుంది. ఉత్తరాది మంచు ఊళ్ల పేజీలు అఖిలేష్ వాటా. కరోనా వచ్చి విమానాలే ఎగరడం మానేశాక ఆ దూరాలు ఎవడిక్కావాలి? ఎవరూ చూడని పేజీల్ని నెలాఖరుకల్లా తీసేస్తారట, వాటితోపాటు రాసినవాళ్లనూ. ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండనిచ్చే బ్లూ కార్డు పోతుంది. అదీ పోతే మూటాముల్లె సర్దుకోవడమే.

"పదకొండు వందల డెబ్బై కిలోమీటర్లు. రెండు గంటల ప్రయాణం. ఒకటేమో స్వీడన్ కొసన, రెండోది ధ్రువానికి పక్కింట్లో. పోయిన వారం ఒక్క పురుగు కూడా చూడలేదమ్మా ఈ పేజీ."

"చూస్తే నీ ఉద్యోగం నిలుస్తుందా?"

"నిలుస్తుందేమో. ఎన్నిసార్లు తెరిస్తే అంత లెక్క."

"నువ్వు రాసిందే కదా, నా ఫోన్‌లోనూ పెట్టివ్వు. చదువుకుంటా."

పెట్టిచ్చాడు. మనవరాలి అన్నప్రాశనకని ఫిబ్రవరిలో వచ్చి, లాక్‌డౌన్‌తో ఇక్కడే చిక్కుకుపోయిన మనిషి. ఆవిడకీ పొద్దుపోవాలి.

మర్నాటి నుంచి స్నానం కాగానే కిటికీ పక్కన జపానికి కూర్చునేది. ఒక చేతిలో తులసిమాల, రెండో చేతిలో ఫోన్. స్తోత్రాలు కూడా ఫోన్‌లోనే చదువుతోంది కాబోలు అనుకున్నాడు. పలకరించబోతే కళ్లతోనే గదమాయించేది.

వారం తిరిగేసరికి లెక్కలొచ్చాయి. మిగతా పేజీలన్నీ సున్నాలే. కిరునా పేజీకి మాత్రం ఏడొందల యాభై ఆరు!

అఖిలేష్‌కు ప్రాణం లేచొచ్చింది. సరిహద్దులు మూసేసరికి ఎవరో పాపం, చెరో ఊళ్లో ఉండిపోయుంటారు. రోజూ ఆ దూరం చూసుకుని కుమిలిపోతున్నారేమో. ఆ కనిపించని మనిషి మీద జాలేసింది, చేతులెత్తి దణ్ణం పెట్టాలనీ అనిపించింది. రెండో వారమూ అంకె తగ్గలేదు.

"అమ్మా, నీ దేవుడు విన్నాడే!" అన్నాడు.

ఆదిలక్ష్మి మాలను కళ్లకద్దుకుంది.

నెలాఖరున టీమ్ లీడ్ రవీంద్రనాథ్ ఫోన్ చేశాడు. విజయవాడ మనిషే, పదేళ్లుగా జర్మనీలో ఉన్నాడు.

"ఏమనుకోకు అఖిలేష్. సెక్షన్ మూసేశారు. నీ తోటివాళ్లందర్నీ వేరే టీముల్లో సర్దారు. నిన్నూ సర్దేవాళ్లే. కానీ ఆ కిరునా పేజీ లెక్కలు నువ్వే పెంచావని, ఫ్రాడ్ అని రాశారు. క్యుండిగుంగ్ లెటర్ పోస్ట్‌లో వస్తుంది. ఇంక ఉద్యోగం లేదయ్యా."

"నేనా? పాప మీద ఒట్టు రవి గారూ, నేను వేలు కూడా పెట్టలేదు! అది చూస్తున్నది నిజం మనిషే. ఎవరో ఎంత బాధలో ఉండి చూస్తున్నారో ఏమో!"

కిటికీ దగ్గర ఆదిలక్ష్మి వేలు పూస మీద ఆగింది. ఏమైందన్నట్టు కొడుకు వైపు చూసింది.

అవతల రవీంద్రనాథ్ మెల్లగా అన్నాడు.

"ఆదివారాలు కూడా వదలకుండా, రోజూ సరిగ్గా నూట ఎనిమిది సార్లు ఆ పేజీ తెరుచుకుంది మీ ఇంటి వైఫైలోనేనయ్యా."