ముళ్ళ దుంగ

అన్నం ఇవాళ కూడా ఉడకలేదు.

బూరుగు కట్టె భగ్గున మండింది. రాజకుమారి సంబరపడి గరిటె అందుకునేలోపే చప్పున ఆరిపోయి, వంటిల్లంతా పొగ నింపింది.

పెళ్ళై మూడు నెలలు. బందరు కాలేజీలో బి.ఏ. చదివి, బడిపంతులు కృపానందాన్ని చేసుకుని, హంసలదీవి దగ్గరి ఈ పల్లెకొచ్చింది. వచ్చిన కొత్తలో గాలివానకి పెరట్లో బూరుగుచెట్టు కూలితే పండగ చేసుకుంది. దూదితో రెండు తలగడలు కుట్టింది. మానుని ఆరు దుంగలు కొట్టించింది.

"అమ్మాయిగారూ, అది పొయ్యిలోకి పనికిరాదు తల్లీ."

దడి అవతల, కాలువగట్టు మీద ఎవరో ముసలాయన. నెత్తిన కట్టెలమోపు.

"ఎందుకు పనికిరాదు?" అంది పెరట్లోకొచ్చి కళ్ళు తుడుచుకుంటూ.

"మెత్తటి కట్టె. పొగే తప్ప సెగ ఉండదు. ఇది మడ అడవిలో కొట్టిన మడకట్టె, గట్టిది, పూటంతా నిప్పు నిలుస్తుంది. ఈ మోపు మీరుంచుకుని ఆ ఆరు దుంగలూ నాకిప్పించండి."

మోపు కట్టిన తాడు చూసి ఆమె ముచ్చటపడింది. నూలుపోగులు పేనిన తాడు. ఆడపిల్ల జడంత నున్నగా ఉంది.

"ఆరు దుంగలూ ఎలా మోస్తారు?"

"మొయ్యడమెందుకమ్మా? కాలువలో వేసి తాడు పట్టుకు నడిస్తే కుక్కపిల్లల్లా వెంటొస్తాయి."

ఆమె నవ్వేసింది. "వీటితో ఏం చేస్తారు?"

"పనుందమ్మా."

పక్కింటి సత్యవతమ్మ దడి మీంచి తల పైకెత్తింది.

"అతని మాటలు నమ్మకమ్మాయ్. ఏటా ఇదే వరస. మునగో అవిసో బూరుగో, ఎవరి పెరట్లో చెట్టు పడినా వాలిపోతాడు. అగ్గిపుల్లల వాళ్ళకి అమ్ముకుంటాడట."

ముసలాయన నెత్తిన మోపు సర్దుకున్నాడు. ఆకాశం వైపు చూశాడు.

"గాలి తిరుగుతోందమ్మా. మధ్యాహ్నంలోగా రేవు చేరాలి."

గాలి పొద్దుటినుంచీ రాజకుమారికీ నచ్చడంలేదు. కృపానందం పనిచేసే బడి ఉప్పుటేరు అవతల. సాయంత్రం పడవలో తిరిగి రావాలి. ఆయనకి ఈత రాదు.

అయినా, మంచి కట్టె ఇచ్చి పనికిరాని కట్టె పట్టుకుపోయేవాడు ఎక్కడైనా ఉంటాడా? నష్టానికి బేరమాడేవాణ్ణి నమ్మకూడదని, ఎకనామిక్స్ చదివినదానికి ఒకరు చెప్పాలా?

"అన్నీ ఇవ్వలేనండీ. మా ఆయన, పంతులుగారు, రేవు దాటి తడిసొస్తారు. నీళ్ళు కాచాలి," అంది. "కావాలంటే ఆ ముళ్ళది తీసుకెళ్ళండి."

ఆ దుంగ బెరడు నిండా బూరుగుముళ్ళు. పొయ్యి దగ్గరికి తేవాలంటేనే చేతులు గీరుకుపోతున్నాయి.

"ఒక్కటేనా తల్లీ?"

"ఒక్కటే. మీరూ నాలుగు కట్టెలిచ్చి వెళ్ళండి, చాలు."

ముసలాయన మోపంతా దించేశాడు.

"ఉంచండమ్మా. పంతులుగారికి నీళ్ళు కాగాలిగా."

ముళ్ళదుంగని కాలువలో వేసి, తాడు పట్టుకుని వెళ్ళిపోయాడు. అది నిజంగానే కుక్కపిల్లలా వెంటపోయింది. రాజకుమారి మలుపుదాకా చూసి, కృపానందం రాగానే చెప్పాలనుకుంది.

సాయంత్రానికి గాలి ఈలలు వేసింది.

మడకట్టె వంటకి దాచి, మిగిలిన ఐదు దుంగల్నీ గొడ్డలితో చీల్చింది. ముల్లంగిలా చీలిపోయాయి. పెరట్లో గాడిపొయ్యి మీద కాగు పెట్టి మంట వేసింది.

మంట లేచినప్పుడల్లా, ఇదిగో వచ్చేస్తున్నారనుకుంది. ఆరినప్పుడల్లా వీధిలోకి పరుగెత్తింది. జడ విప్పి మళ్ళీ అల్లుకుంది. నీళ్ళు కాగి చల్లారాయి. మళ్ళీ కాచింది.

ఐదు దుంగలూ అయిపోయాక మడకట్టె ఎగదోసింది.

బాగా పొద్దుపోయాక కృపానందం వచ్చాడు. కాళ్ళకి చెప్పుల్లేవు. ఒళ్ళంతా బురద.

"పడవ తిరగబడింది రాజీ."

ఆమె అతని తడిచొక్కా విప్పింది. ఛాతీ మీద, ముంజేతుల మీద, వరసగా గీరుకుపోయిన గాట్లు. మోచేతి దగ్గర ఏదో విరిగి ఉంది. గోటితో లాగింది.

బూరుగుముల్లు.

"దుంగ పట్టుకున్నారా?" ముల్లు దీపం వైపు తిప్పింది.

"నీకెలా తెలుసు? పడవకి కట్టి ఉంది. మెత్తటి కట్టె బాగా తేలుతుందని ఓ ముసలాయన ఏటా ఐదారు కడతాడట. ఏడాదికల్లా నానిపోతాయట. ఈసారి ఒక్కటే దొరికిందట."

"ఆయనా పడవలో ఉన్నారా?"

"ఉన్నాడు. మిగతావాళ్ళంతా చేపలు పట్టే పల్లెకారులు, ఈదుకుపోయారు. పడవ కొట్టుకుపోతే, తాడు తెగి తేలిన దుంగకి మేమిద్దరం వేలాడాం. ఇద్దరి బరువుకి మునిగిపోతోంది. 'మీరుంచుకోండి పంతులుగారూ, ఇంటి దగ్గర నీళ్ళు కాగుతుంటాయి' అని చెయ్యి వదిలేశాడు. ఈతొచ్చు కాబోలనుకున్నాను."

కాగులో నీళ్ళు తెర్లుతున్నాయి.

"దొరికారా?"

"ఇంకా వెతుకుతున్నారు."

"ఎవరండీ ఆయన?"

కృపానందం ఆమె చేతిలోని ముల్లు వైపు చూస్తూ చెప్పాడు.

"పెడన నేతగాడట రాజీ. పదేళ్ళ కిందట అదే రేవులో కొడుకు మునిగిపోతుంటే, ఈత రాక గట్టు మీద నిలబడి చూసినవాడట."