గంగమ్మకు మొక్కిన మాత్రలు

తవిటమ్మ గంగమ్మ తల్లికి కోడిని మొక్కలేదు. మోకాళ్లు నయమైతే మిగిలిన మాత్రలన్నీ నీకేనని మొక్కింది.

ఏడాదిగా ఆ తెల్ల మాత్రలు మింగుతూ చేపల గంప మోసింది. నొప్పి పోయింది. మొహం గుమ్మడిపండులా నిండింది. ఒళ్లు చేసిందని జాలరిపేటంతా మెచ్చుకుంది.

మొక్కు తీర్చడానికి ఒడ్డుకు వచ్చి మాత్రల కవరు సముద్రంలోకి విసరబోతుంటే, ఆ మాత్రల్ని గుర్తుపట్టి ఎవరో ముసలాయన వద్దన్నాడు. పేరు జ్ఞానదాసట, మల్కాపురమట, పోర్టులో మూటలు మోసేవాడట. అడక్కుండానే అన్నీ చెప్పాడు.

"ఒక్కపాలి మానీకమ్మా. మూత్రపిండం మీద సిన్న గ్రంథి ఉంటాది. దాని పని ఈ మాత్రే సేసేత్తే, లోపల కణాలు ముడుసుకుపోతాయి."

"నువ్వేటి డాకటరువా?"

"కాను. వేట బందైన రెండు నెలలూ ఇసకలో ఎండిన పడవని ఒక్కపాలి నీళ్లలోకి తోసేత్తావేటి? సెక్కలు నాననియ్యవా? ఇదీ అంతే. కొద్దికొద్దిగా తగ్గించాల."

దేవతకు మొక్కింది వాయిదాల్లో ఇస్తారా అని తవిటమ్మ నవ్వింది. ఆయన జేబులోంచి కాగితం తీశాడు. ఓ చీటీ రాసి చేతిలో పెట్టాడు.

"పడిపోతే డాకటరుకి సూపించు."

శకునపక్షి, అనుకుంటూ చిల్లర సంచిలో దోపుకుంది. మాత్రలు గంగమ్మకే వెళ్లాయి.

నాలుగోనాడు వాంతులై, గంప పక్కనే కూలబడింది.

పక్కన అమ్మే జోగమ్మ ఆటోలో ఆసుపత్రికి చేర్చింది. ఆధార్ కార్డు కోసం సంచి వెతికితే చీటీ దొరికింది. స్టెరాయిడ్ మాత్రలు ఒక్కసారిగా మానేసిన మనిషి అని ఉంది అందులో. అది చదవగానే డాక్టరు పుష్పకుమారి ప్రశ్నలు మానేసి ఇంజెక్షను అందుకుంది.

ఆపైన మాత్రను గోరంత గోరంత తగ్గించడానికి ఎనిమిది నెలలు పట్టింది. గ్రంథి మళ్లీ పని అందుకుందని రక్తపరీక్షలో తేలిన రోజున, తవిటమ్మ వంజరం చేప పట్టుకుని వచ్చింది. ముక్కలు డాక్టరుకి, తలకాయ చీటీ రాసిన ఆయనకి.

"తిట్టుకున్నానమ్మా ఆయన్ని. ఎక్కడుంటాడు?"

"నీతో కలిపి ఆరుగురు ఆ చీటీలతో వచ్చారు. అందరూ బాగున్నారు," అంటూ పుష్పకుమారి ఆమెను మైక్రోస్కోపు దగ్గరికి తీసుకెళ్లింది.

మొదటి గాజుపలకలో, బాగున్న గ్రంథిది, కణాలు బొద్దుగా, వరసగా ఉన్నాయి. తవిటమ్మ గ్రంథి ఇప్పుడు ఇలా తేరుకుంటోందట.

రెండోదాంట్లో పైపొర బాగానే ఉంది. లోపలి పొర పలచబడి, కణాలు వాడిపోయి ఉన్నాయి.

"ఇదెవలిది తల్లీ?"

"జ్ఞానదాసు గారిది," అంది డాక్టరు. "మూటల నొప్పికని పదేళ్లు ఇవే మింగారు; పోయాక కూడా పదిమందికి చెప్పాలని, పోయిన నెల ఒళ్లు మాకిచ్చి వెళ్లారు."